అమ్మగారికి వచ్చిన జాబు



గతమాసమున మా పొరుగింటి సోదరి యొకతె కన్నీళ్లతో మా యింటికి వచ్చెను. ఆమె కుమారునకు ఏడేండ్లు. వానికి మూర్ఛరోగము కలదు. వైద్యుడిచ్చిన మందు క్రమముగా వాడుచుండుటచే కొన్ని నెలలుగా బాలుడు కుదురుగా నుండెను. ఇట్లుండగా ఒక బోధకుడు వారి యింట భోజనము చేసి, ప్రార్థించి, వెడలునప్పుడు, “అమ్మా, నీ విశ్వాసము చాలకనే బిడ్డకు స్వస్థత కలుగలేదు. మందు మాన్పించి, ఇంత సొమ్ము కానుకగా సమర్పింపుము” అని చెప్పిపోయెనట.

“అక్కయ్యా, మందు మాన్పించుటకు భయముగా నున్నది. మాన్పింపకున్న దేవునికి ద్రోహము చేసినదాన నగుదునేమో యని అంతకన్న భయముగా నున్నది. నేనేమి చేయుదును?” అని ఆమె యడిగెను.

మందు ఒక్కపూటయు మాన్పింపవద్దని మొదట చెప్పితిని. మూర్ఛకు వాడు మందును ఉన్నట్టుండి ఆపినచో మూర్ఛలు తిరుగబెట్టి ప్రాణాపాయము సంభవింపవచ్చును. పిమ్మట ఇద్దరమును కూర్చుండి క్రొత్తనిబంధన తెరచి, యోహాను వ్రాసిన రెండవ పత్రికను చదివితిమి.

ఆ పత్రిక మిక్కిలి చిన్నది, 13 వచనములే. పెద్ద యని తన్ను తాను చెప్పుకొనిన వ్రాతకరి దానిని ఒక అమ్మగారికిని ఆమె పిల్లలకును వ్రాసెను. ఆ అమ్మగారనగా ఒక సంఘమే యని కొందరు పండితులు, నిజముగా ఒక గృహిణియే యని మరికొందరు చెప్పుదురు. ఎట్లైనను ఆ కాలమున సంఘము కూడుకొనునది ఇండ్లలోనే. ఊరూరు తిరుగు బోధకులు బసచేయునదియు ఇండ్లలోనే. కనుక ఏ బోధ ఊరిలో నిలుచునో, ఏది నిలువదో అను విషయము చాలవరకు ఇంటి గడపయొద్దనే తేలుచుండెను.

ఈ పత్రికలో మొదటి నాలుగు వచనములలోనే సత్యమను మాట ఐదుమారులు వచ్చును. వెంటనే, ఒకరినొకరు ప్రేమింపవలయునను ఆజ్ఞ వచ్చును. అటుతరువాతనే వంచకులను గూర్చిన హెచ్చరిక. ఈ వరుసను గమనింపుడు. ప్రేమ కలదని సత్యమును విడువరాదు. సత్యము కలదని ప్రేమను విడువరాదు.

నాటి వంచకులు చెప్పినదేమి? యేసుక్రీస్తు శరీరధారియై వచ్చినాడని వారొప్పుకొనరైరి. ఇది పండితుల వాదము మాత్రమే, మన కేమి యని తోచవచ్చును. కాని ఆయనకు నిజమైన దేహము లేనిచో ఆయన ఆకలి నిజము కాదు, కన్నీరు నిజము కాదు, సిలువ నొప్పియు నిజము కాదు. అప్పుడు బిడ్డ ప్రక్కన రాత్రియెల్ల మేలుకొను తల్లి నొప్పి ఆయన కెట్లు తెలియును? సరియైన బోధను పట్టుకొనుట యనగా ఆ ప్రేమ వట్టి వేషము కాదని పట్టుకొనుటయే.

ఇక ఆ బోధకుని మాటను ఈ వెలుగులో చూతము. పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఎవరి పాపమువలన ఇట్లాయెనని శిష్యులడుగగా, వాడును కాదు, వాని కన్నవారును కారని ప్రభువు చెప్పెను. పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచిపోయెను. తిమోతి కడుపునొప్పికి మాన్పు సూచించెను. వైద్యుడైన లూకాను ప్రియునిగా పేర్కొనెను. వీరందరికిని విశ్వాసము చాలదందుమా? కృప యనగా అర్హత చూడక దేవుడిచ్చు ఉచితవరము. దానికి వెలకట్టినచో అది కృప కాక అంగడి సరకగును. తల్లి విశ్వాసమును తూచి, తక్కువైనదని సొమ్మడుగు బోధలో ప్రేమయు లేదు, కృపయు లేదు.

తొలినాటి క్రైస్తవులకును ఈ చిక్కు తెలిసినదే. పన్నిద్దరు అపొస్తలుల బోధ యను ప్రాచీన గ్రంథపు ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపులునందు దొరికి, 1883లో అచ్చుపడెను. తిరుగు బోధకుడు ఒకటి రెండు దినములకన్న ఎక్కువ నిలువరాదనియు, తనకై సొమ్మడిగినవాడు అబద్ధప్రవక్త యనియు, బీదలకొరకు అడిగినవానికి మాత్రము తీర్పు తీర్పరాదనియు అందు కలదు. ఎంత చక్కని వివేకము!

అట్లని పొరపాటు పలికిన ప్రతివానిని వెలివేయరాదు. అపొల్లో గొప్ప వక్తయైనను యోహాను బాప్తిస్మము మాత్రమే యెరిగియుండెను. ప్రిస్కిల్లయు ఆమె భర్త అకులయు అతనిని చేరదీసి, దేవుని మార్గమును మరింత పూర్తిగా విశదపరచిరి. తెలియక తప్పినవానికి ఓర్పుతో బోధింపవలయును. తెలిసి వంచించువాని బోధకు ఇంట తావీయరాదు. యోహాను నిషేధము దాహమునకు నీళ్లీయవద్దని కాదు, ఆ బోధకు మన యిల్లు ఆధారము కారాదని పెక్కుమంది పెద్దలు చెప్పుదురు.

నేడు బోధకుడు గడప దాటి రానక్కరలేదు. చేతిలోని ఫోనునందే పగలును రేయియు పలుకుచున్నాడు. కాన సోదరీమణులారా, ఏ బోధ విన్నను మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఇది క్రీస్తును గూర్చి సత్యము చెప్పుచున్నదా? ఇది దేవుని కృపకు వెల కట్టుచున్నదా? ఇది నలిగినవారిని లేవనెత్తుచున్నదా, మరింత నలుచుచున్నదా?

ఆ బోధకుడు మరల వచ్చినప్పుడు మా పొరుగు సోదరి మజ్జిగ యిచ్చి, “అయ్యా, మందు మాన్పింపను, సొమ్ము నీయను. ఆ మాట మా యింట మరల చెప్పవలదు” అని నెమ్మదిగా పలికెనట. పక్కనున్న అత్తగారు, “మా కోడలు చెప్పినదే నా మాటయు” ననిరట. బాలుని రోగము పూర్తిగా పోలేదు. అయినను వాడు బడికి పోవుచున్నాడు. తల్లి మందును మానలేదు, ప్రార్థనయు మానలేదు.

ఆ చిన్న పత్రికను ఈ దినముననే మీరును చదువుడు. పొయ్యిమీద అన్నము ఉడుకులోపల ముగియును.