'వారు' ఎవరు బేటీ?



మొన్న రేపల్లెలో మా ఖాలా ఇంటికి వెళ్లాను. ఆమె మనవరాలు తొమ్మిదో తరగతి. తెలుగు నోట్సు తెచ్చి చూపించింది. వ్యాసం పేరు 'మా పండుగ'. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "రంజాన్ ముస్లింలకు పవిత్రమైన పండుగ. ఆ రోజున వారు నూతన వస్త్రములు ధరించి ప్రార్థనలు చేయుదురు" అని రాసింది.

"వారు ఎవరు బేటీ?" అని అడిగాను. నవ్వేసింది. గైడులోంచి దించిందట.

అసలు వాళ్లింట్లో ఈద్ ఎలా జరిగిందో అడిగితే గడగడా చెప్పింది. షీర్ ఖుర్మాకి పెట్టిన పాలు విరిగిపోయాయి. దాదీ తెల్లారకముందే పక్కింటి తలుపు తట్టింది. వాళ్లు తమ పిల్లాడికి దాచిన పాలు ఇచ్చేశారు. ఇంత మంచి కిస్సా ఎందుకు రాయలేదంటే, "ఏ సబ్ లిఖే తో మార్కాం కాట్తే కతే చాచా" అంది.

ఆ వాక్యం చివరి 'కతే' చూడండి. కితాబీ ఉర్దూలో ఇలా వాడరు. అది మన తెలుగు 'అంట'. 'వచ్చానని చెప్పాడు' అనడానికి మనం 'ఆయా బోల్‌కే బోలా' అంటాం. ఆ 'బోల్‌కే' తెలుగు 'అని'. అంటే తెలుగు వ్యాకరణం మన దక్కనీలో తరాలుగా కాపురం ఉంది. బడిలో మాత్రం మన పిల్లలకు అది పరాయి సబ్జెక్టు.

నేను ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. ఒకసారి బాపట్ల దోస్తులతో "రేపు మనం ఈద్ చేసుకుంటున్నాం" అన్నాను. మర్నాడు ముగ్గురూ తెనాలిలో మా ఇంటికి దిగారు. ఉర్దూలో ఒకటే 'హమ్'. తెలుగులో ఎదుటివాణ్ణి కలుపుకుంటే 'మనం', వదిలేస్తే 'మేము'. అమ్మీ ఖుషీగా వడ్డించింది, నాకు మాత్రం సర్వనామం జిందగీలో మరిచిపోని పాఠమైంది. వ్యాకరణం అలా నేర్పాలి. ముందు పిల్లలు మాట్లాడాలి, రాయాలి. తర్వాత వాళ్ల వాక్యంలోంచే సూత్రం తీసి చూపాలి. మనం సంధులూ సమాసాలతో మొదలుపెట్టి, రాయడం దగ్గరికి వచ్చేసరికి గైడు చేతికిస్తున్నాం.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతాం. వాడుక భాష బడిలోకి రావాలని పోరాడిన మనిషి ఆయన. అదే బడిలో 'చేయుదురు' ఇంకా మార్కులు తెస్తోంది.

"తెలుగుతో ఏం ఫాయిదా, ఇంగ్లీషు, లెక్కలు వస్తే చాలు" అనే వాలిదైన్‌కు ఒక మాట. బాపట్ల 2022లో జిల్లా కేంద్రమయింది. అక్కడ ఒక పెద్దమ్మ పింఛను అర్జీ రాయించుకోవడానికి ఎవరికో డబ్బులివ్వడం చూశాను. పక్కనే పదో తరగతి మనవడు. తెలుగులో మంచి మార్కులేనట! అర్జీ, దరఖాస్తు, రసీదు, వకీలు, జామీను, ఇవన్నీ మన ఇంటి లఫ్జులే. వాటితో నాలుగు వాక్యాలు రాయడం ఆ పిల్లాడికి ఎవరూ నేర్పలేదు.

టీచర్ల మజ్బూరీ నాకు తెలుసు. క్లాసు నిండా పిల్లలు, సిలబస్, పరీక్షలు. ప్రతి తప్పూ దిద్దమని అనడం లేదు. వారానికి ఒక పేజీ సొంతంగా రాయించండి. ఒక్క తప్పే దిద్దండి. షీర్ ఖుర్మా, దాదీ అని కనబడితే ఎర్ర సిరాతో కొట్టేయకండి. పిఠాపురం ఉమర్ అలీషా సాహెబ్ తెలుగులో పద్యాలు, నాటకాలు రాశారు. ఈ జబాన్ మనది కూడా అని పిల్లలకు చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు. ఇంట్లో మనమూ మార్కులు అడిగే ముందు, ఏం రాశావో చదివి వినిపించమని అడుగుదాం.

ఆ అమ్మాయి సాయంత్రం కూర్చుని పాల కిస్సా మొత్తం రాసింది. 'వారు' ఎక్కడా లేదు. "పక్కింటి వాళ్లకి మనం షీర్ ఖుర్మా పంపాం" అన్న దగ్గర మాత్రం 'మేము' అని దిద్ది, నా దోస్తుల సంగతి చెప్పాను. మిగతా తప్పులు వచ్చే వారానికి ఉంచాను.

ఖుదా హాఫిజ్.