చదివించుకోమంటారు, ఎవరిచేత?

"ఎవరిచేతైనా చదివించుకోరాదా బాబూ?" ఈ మాట అన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. అందుకే ఒళ్లు మరీ మండుతుంది. పాఠం ఫైలు పంపమని దూరవిద్యా కేంద్రాన్ని అడిగినా ఇదే మాట, పుస్తకం వేసిన ఆయనకి ఫోన్ చేసినా ఇదే మాట. చెప్పి ఫోన్ పెట్టేస్తారు. వాళ్ల పని అయిపోయింది. నా చదువు అక్కడే ఆగిపోయింది.

నాకు చూపు లేదు. ఉండేది ఖరగ్‌పూర్‌లో. ఆంధ్రాలోని ఒక దూరవిద్యా కేంద్రం ద్వారా తెలుగు ఎం.ఏ. చదువుతున్నాను. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మా పెద్దలు ఈ ఊరొచ్చారు. నిమ్‌పురాలో, మథురాకాటిలో ఇప్పటికీ వీధిలో తెలుగు వినపడుతుంది. చదివేవాళ్లు మాత్రం ఏరీ? మా మామ్మకి అక్షరం రాదు. నాన్న చదివింది హిందీ మీడియం. చెల్లి ఇంగ్లీషు, బెంగాలీ గడగడా చదువుతుంది, తెలుగు మాట్లాడటం వరకే. మా క్వార్టర్లో తెలుగు చదవగలిగేది నా పాత లాప్‌టాప్‌లో, తెర మీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఒక్కటే. ఇక నేను ఎవరిచేత చదివించుకోను?

ఆ స్క్రీన్ రీడర్ పేరు ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో మొదలుపెట్టాడు, జేమ్స్ టే అనే మరో అంధ యువకుడు తోడయ్యాడు. ప్రపంచమంతా ఉచితంగా వాడుకోవచ్చు, తెలుగు కూడా చదువుతుంది. గొంతు కాస్త మొరటుగానే ఉంటుంది. అయినా సాయంత్రం ఇంటర్నెట్‌లో ఏదైనా కథ పెడితే మామ్మ పీట లాక్కుని కూర్చుంటుంది. "బేగీ సదివేస్తంది, కాస్త నెమ్మదిగా సదవమను నాయనా" అంటుంది. వేగం తగ్గిస్తాను. కథ అయ్యేదాకా లేవదు. ఆ కథ యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన కోడ్ ఉండే పద్ధతిలో ఉంది కాబట్టే ఇదంతా సాధ్యమైంది.

నా పాఠ్యపుస్తకం తెరిస్తే నిశ్శబ్దం. అచ్చయిన పేజీల్ని స్కాన్ చేసి పీడీఎఫ్ చేశారు. చూసేవాళ్లకి అది పేజీ, స్క్రీన్ రీడర్‌కి ఉత్త బొమ్మ. ఒక్క అక్షరం కూడా దొరకదు. ఇంకో పుస్తకం అనూ అనే పాత ఫాంట్‌లో కంపోజ్ చేసింది. కంటికి చక్కటి తెలుగే కనపడుతుందట. లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగు ఆకారం తొడిగిన ఇంగ్లీషు కోడ్‌లు. చెవిలో నాకు పడేది డాలరు, శాతం గుర్తు, కామా, మళ్లీ డాలరు. నన్నయ గురించిన పాఠమంతా అలాగే విన్నాను. తెలుగుకి యూనికోడ్‌లో చోటు దొరికింది 1991లో. ఇన్నేళ్లు గడిచాక కూడా కొత్త పుస్తకం పాత ఫాంట్‌లో పుడుతోందంటే అది సాంకేతిక లోపం కాదు, పట్టనితనం.

ఓసీఆర్ ఉందిగా, బొమ్మలోంచి అక్షరాలు తీసేస్తుందిగా అంటారు. తీస్తుంది. మంచి అచ్చయితే బాగానే తీస్తుంది. మసక స్కాన్ అయితే ఒత్తులు రాలిపోతాయి. ఛందస్సు పాఠంలో ఒత్తు రాలితే ఏమవుతుందో తెలుగు చదివినవాళ్లకి చెప్పాలా? 'ధర్మము'లో ధ గురువు, మాట మొత్తం భగణం. రకారం కింద మకారం ఊడి 'ధరము' అయితే ధ లఘువు, మాట నగణం. పద్యపాదం మొత్తం కూలిపోతుంది. నేను గణాలు తప్పు వేస్తే మార్కులు నాకు పోతాయి. ఆ పేజీని వంకరగా స్కాన్ చేసినవాళ్లకి ఏమీ పోదు.

పాత పుస్తకాల సంగతి వేరు, దాన్ని ఒప్పుకుంటాను. చిత్తూరు జిల్లాలో పుట్టి ట్యూరింగ్ అవార్డు దాకా ఎదిగిన రాజ్ రెడ్డి చొరవతో జరిగిన స్కానింగ్ వల్లే ఎన్నో పాత తెలుగు పుస్తకాలు చెదలకి దక్కకుండా మిగిలాయి. అదీ పేజీల బొమ్మలే, కానీ అప్పటికి అదే గొప్ప. నా కోపం నిన్నమొన్న కంప్యూటర్లో టైపు చేసిన పుస్తకం మీద. అది పుట్టడమే ఫైలుగా పుట్టింది. దాన్ని కాగితం మీద అచ్చేసి, ఆ కాగితాన్ని మళ్లీ ఫొటో తీసి, ఇదిగో డిజిటల్ పుస్తకం అని మా చేతికిస్తున్నారు.

పైరసీ అవుతుందని భయమట. "సాఫ్ట్ కాపీ ఇస్తే రేపటికి వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతుంది బాబూ" అన్నారొకాయన. పైరసీ చేసేవాడికి నా ఫైలుతో పనేముంది? ఫోన్‌తో పేజీలు ఫొటో తీసుకుంటే వాడికి సరిపోతుంది. తాళం పడింది నాకే. పైగా చట్టం మా వైపు ఉంది. చూపు లేనివాళ్లు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చని కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. ఇదే సంగతి మీద కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది భారతదేశమే. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు. ఇంతమందికి ఇన్ని హక్కులుండి, నాకు ఛందస్సు పాఠం లేదు.

ఇది జరుగుతున్నది ఏ ఊళ్లోనో చూడండి. దేశమంతటికీ నేషనల్ డిజిటల్ లైబ్రరీని కట్టింది మా ఊరి ఐఐటీయే. 2018లో దాన్ని జాతికి అంకితం చేశారు. అంత పని చేయగల తెలివి ఈ దేశంలో, ఈ ఊళ్లోనే ఉంది. ఒక వర్డ్ ఫైలుకి శీర్షికలు సరిగ్గా పెట్టి ఈమెయిల్‌లో పంపడానికి ఐఐటీ అక్కర్లేదు. శీర్షికలుంటే హెచ్ మీట నొక్కి అధ్యాయం నుంచి అధ్యాయానికి పోతాను. లేకపోతే మూడో పాఠం కోసం మొదటి పేజీ నుంచీ వింటూ రావాలి, పరీక్ష ముందురోజైనా సరే.

2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం మా తెలుగువాళ్లని భాషా అల్పసంఖ్యాకులుగా గుర్తించినప్పుడు మా పేటలో ఎంత సంబరపడ్డామో! తెలుగు బతకాలని సభల్లో ఉపన్యాసాలు ఇప్పటికీ వింటూనే ఉన్నాను. ఇక్కడ తెలుగు చదువుతానని పట్టుబట్టి కూర్చున్నవాడిని నేను. నాకు పుస్తకం ఇవ్వరు.

ప్రచురణకర్తలూ, పాఠాలు రాసే మాస్టార్లూ, ప్రూఫు అయిపోయిన యూనికోడ్ ఫైలు ఒకటి దాచి ఉంచండి. పాత ఫాంట్‌లో ఉన్నదైతే మార్పించండి, అందుకు కన్వర్టర్లున్నాయి. మాలాంటి విద్యార్థి అడిగినప్పుడు ఆ ఫైలు పంపండి, పరీక్ష అయ్యాక కాదు, ముందే. ధర ఎంతో చెప్పండి, కట్టి కొనుక్కుంటాం.