జీర్ణోద్ధరణ

శిథిలమైన దేవాలయాన్ని, పూడిపోయిన చెరువును బాగుచేయించడాన్ని పూర్వులు జీర్ణోద్ధరణ అన్నారు. దానిని కొత్తది కట్టించడంతో సమానమైన పుణ్యకార్యంగా ఎంచారు. ఈ భావన గుడికే గాక, ఎందరికో ప్రాణదానం చేసిన వైద్యాలయానికీ వర్తించాలి. హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం అందుకు తగిన ఉదాహరణ.

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్నది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు సుమారు 150 మందిని తన కొమ్మలపై నిలిపి కాపాడింది. అనంతరం ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ రూపకల్పనతో, 1925 నాటికి గుమ్మటాలు గల ఈ భవనం మూసీ ఒడ్డున వెలసింది. దూరప్రాంతాల నిరుపేదలకు అది పెద్దదిక్కయింది.

కాలక్రమంలో అశ్రద్ధ పేరుకొన్నది. పైకప్పు పెచ్చులూడింది. 2015లో కూల్చివేత ప్రతిపాదన రాగా వారసత్వ పరిరక్షకులు అభ్యంతరం తెలిపారు. 2020 జులైలో వాననీరు వార్డులలోకి చేరడంతో రోగులను తరలించి పాత భవనాన్ని మూసివేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

రోగులు పడకలు లేక అల్లాడుతుంటే గుమ్మటాలపై మమకారమెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. పెచ్చులూడే కప్పు కింద రోగులను ఉంచడం వారసత్వ రక్షణ అనిపించుకోదు. అయితే కొత్త ఆసుపత్రికి వేరొక స్థలం ఏర్పడిన తరువాత, రోగి క్షేమానికీ కట్టడం రక్షణకూ వైరం లేదు. పాత గోడలను కూల్చవలసిన అగత్యమూ లేదు.

మరమ్మతుకు క్రమం ఉన్నది. మొదట కప్పు నుండి కారే నీటిని అరికట్టాలి. గోడలలో వేళ్లూనిన మొక్కలను తొలగించాలి. సున్నంతో కట్టిన గోడను సున్నంతోనే బాగుచేయాలి. సిమెంటు పూస్తే లోపలి తేమ వెలుపలికి రాలేక గోడ మరింత చెడుతుంది. పాతబస్తీలోని చౌమహల్లా ప్రాసాదం ఇటువంటి శ్రద్ధతోనే పునరుద్ధరింపబడి, 2010లో యునెస్కో పురస్కారం పొందింది.

మరమ్మతు ఒక్కటే చాలదు. మనుషులు మసలని భవనం మళ్లీ పాడుబడుతుంది. 1888, 1889లలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ప్రోత్సాహంతో హైదరాబాదులో జరిగిన క్లోరోఫారం పరిశోధనలు విదేశీ వైద్యుల దృష్టిని ఆకర్షించాయి. అట్టి చరిత్రను చాటే ప్రదర్శనశాలను, వైద్య గ్రంథాలయాన్ని ఈ భవనంలో నెలకొల్పడం సముచితం.

పాతబడటం కాలధర్మం, పాడుబడటం మానవుల నిర్లక్ష్య ఫలితం. ఆ నిర్లక్ష్యానికి శిక్షను భవనానికి విధించడం న్యాయం కాదు. తరతరాల రోగులకు ఆశ్రయమిచ్చిన కట్టడానికి చికిత్స చేయించడం పాలకుల విధి, పౌరుల బాధ్యత.