మాట తెలియకపోతే మూట పోతుంది

మార్కాపురం పలకల మీద ఎన్నో ఊళ్ల పిల్లలు అఆలు దిద్దారు. ఆ రాయి తవ్వి, కోసి, దుమ్ము మింగిన కూలీల్లో మనవాళ్లు ఎందరో. కానీ ఆ పలక మీది అక్షరం మాత్రం మన పల్లెకు అందరికన్నా చివర చేరింది.

అక్షరం ఆలస్యమైతే ఏమైందో మన తాతల్ని అడగండి. పట్టా, అడంగలు, అసైన్డు, అన్యాక్రాంతం. ఈ మాటలు తెలియక చూపించిన చోటల్లా వేలిముద్ర వేశారు. అసైన్డు భూమి చేతులు మారకూడదని 1977లోనే చట్టం వచ్చింది. అది తెలియక పొలం పోగొట్టుకున్నోళ్లు మన మధ్యే ఉన్నారు.

ఇప్పుడు ఆ మాటల తమ్ముళ్లు వచ్చారు. వ్యాలిడిటీ, ఎంబీపీఎస్, ఎఫ్‌యూపీ, ఎన్‌సీఎఫ్. "అయ్యన్నీ చదువుకున్నోళ్ల సంగతులు, మనకెందుకన్నా" అంటున్నారు మనవాళ్లు. డబ్బు మనదైతే మాట ఇంకొకరిది ఎట్టా అవుతుంది?

వ్యాలిడిటీ అంటే గడువు. మన అమ్మలు నెల రీచార్జి అనుకుని వేయించేది చాలాసార్లు 28 రోజులదే. లెక్కేయండి: ఏడాదికి 13 సార్లు కట్టాలి. పన్నెండు నెలల ఏడాదికి పదమూడు కట్టుళ్లు! 30 రోజుల ప్లాను ఒకటన్నా ఉంచాలని ఫోను, కేబుల్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2022లో ఆదేశించింది. నెట్ అక్కర్లేని బటన్ ఫోనువాళ్లకు మాటలు, మెసేజీలు మాత్రమే ఉండే ప్లాను పెట్టాలని 2024 డిసెంబరులో చెప్పింది. షాపులో తమంతట తాము చెప్పరు. మనమే అడగాలి.

ఎంబీపీఎస్ అంటే కుళాయి లావు. జీబీ అంటే పట్టుకున్న బిందెలు. ఎఫ్‌యూపీ అంటే లెక్క బిందెలు దాటాక కుళాయి సన్నం చెయ్యడం. అన్‌లిమిటెడ్ అని బోర్డు కనిపిస్తే, ఎన్ని జీబీల దాకా ఈ వేగం, ఆ తర్వాత ఎంత అని అడగండి. ట్యాంకరు నీళ్లు లెక్కపెట్టి పట్టుకునే మనకు ఈ లెక్క కష్టమా?

ఎన్‌సీఎఫ్ అంటే కేబుల్ వైరు అద్దె. 2019 నుండి అద్దె వేరు, చానళ్ల ధర వేరు. కావాల్సిన చానలు ఒక్కటే కొనుక్కోవచ్చు. బొకే అంటే గంప. రెండు మంచి వంకాయల కింద పది పుచ్చులు. మొదట్లో 100 చానళ్లకు అద్దె 130 రూపాయలు, ఆపైన పన్ను, అంతకు మించకూడదన్నారు. 2024లో ఆ హద్దు తీసేశారు. అందుకే రసీదు అడగడం ఇప్పుడు ఇంకా అవసరం.

మా పల్లెలో ఒకింట్లో ఫైబర్ బాక్సు మీద ఎర్రదీపం వెలిగింది. బాక్సు పోయింది, డబ్బు కట్టమన్నాడు వచ్చినతను. ఇంటరు చదివే ఆ ఇంటి పిల్ల దీపం పక్కన లాస్ అని ఉండటం చూసింది. "ఫైబర్లో పారేది కరెంటు కాదన్నా, వెలుతురు. అది అందట్లేదని ఈ దీపం చెప్తోంది. ముందు స్తంభం కాడ చూడండి" అంది. చూస్తే వైరు తెగి ఉంది. ఒక్క మాట తెలిసినందుకు ఒక కుటుంబం డబ్బు మిగిలింది.

ఇది సినిమాల గొడవ మాత్రమే కాదు. 2023 జనవరి 1 నుండి ఉపాధి పనికాడ యాప్‌లో ఫోటో హాజరు తప్పనిసరి చేశారు. నల్లమల అంచు ఊళ్లలో సిగ్నల్ అందక ఫోటో ఎక్కకపోతే అనుమానంలో పడేది మన కూలి. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్ అంటూ 2017 డిసెంబరులో రాష్ట్ర ఫైబర్‌నెట్ మొదలైంది. వైరు ఊళ్లోకి వచ్చిందని సంబరపడితే చాలదు. పల్లెలో చివరి స్తంభం దాకా వచ్చిందా అని అడగాలి. అడగాలంటే దాని పేరు తెలియాలి.

కార్యకర్తలారా, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం పల్లెల్లో వచ్చే మీటింగుకు ఒక పలక, ఒక కేబుల్ రసీదు, ఒక రీచార్జి మెసేజి తీసుకెళ్లండి. ఐదు మాటలు రాసి చదివించండి. చదువుకున్న పిల్లలకే ఆ పని అప్పజెప్పండి. మన చేతులు తవ్విన పలక మీద ఈసారి మన లెక్క మనమే రాసుకుందాం.