కొన్నప్పుడే ఆ లెక్కా రాయండి

సైన్యం మందుగుండు డిపోలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఫిరంగి షెల్లు కొనేటప్పుడు ధర చూస్తాం, రేపు దాన్ని వదిలించుకోవడానికయ్యే ఖర్చు చూడం. అది మూలన పడుండే పాత ఇనుము కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ప్రొపెల్లెంటులో, అంటే షెల్లును ముందుకు తోసే మందులో, దాన్ని చెడిపోకుండా ఉంచే స్టెబిలైజర్ తరిగిపోతుంది, చివరికి ఆ మందు తనంతట తానే అంటుకోవచ్చు. అందుకే పరీక్షలు, కాపలా; చివరికి పేల్చి నాశనం చేయాలంటే గుంతలు, ఇసుక బస్తాలు, మళ్లీ కొత్త మందు. అన్నీ డబ్బే.

మహారాష్ట్రలోని పుల్‌గావ్‌లో 2018 నవంబరు 20న కాలం చెల్లిన మందుగుండు పెట్టెలు దించుతుండగా పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు. వారిలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి కాంట్రాక్టరు పిలిచిన కూలీలు. ఇలాంటి పనికి రోజుకూలీని పంపడం పొదుపు కాదు, బాకీని పేదవాడి నెత్తిన రుద్దడం. కొనుగోలు ఒప్పందంలోనే నిర్మూలన ఖర్చు చేర్చాలి. శిక్షణ లేనివాళ్లను ఆ పెట్టెల దరిదాపులకు రానివ్వకూడదు.