ఫ్యాక్టరీ పైపు అనగానే పడిపోకండి



ఈమధ్య పైపుల షాపుల్లో కొత్త మాట వినబడుతోంది. "ఇది పీపీ పైపు అన్నా, ఫ్యాక్టరీల్లో యాసిడ్ పోయేది దీంట్లోనే, నీ తోటకు జీవితకాలం ఢోకా లేదు" అంటారు. మొదటి సగం నిజమే. రెండో సగమే మనల్ని ముంచుతుంది.

పీపీ అంటే పాలీప్రొపిలీన్. చాలా యాసిడ్లకు, క్షారాలకు లొంగదు, నీళ్లకంటే తేలిక. అందుకే ఫ్యాక్టరీలు వాడతాయి. మన యూరియా బస్తా కూడా ఆ సరుకే.

ఆ బస్తానే గుర్తు చేసుకోండి. ఎండాకాలమంతా గట్టు మీద వదిలేస్తే ఏమవుతుంది? చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. ఎండ దాన్ని తినేస్తుంది. మరి అదే సరుకుతో చేసిన పైపును తోటలో ఎండలో పరుచుకోమని ఏ ధైర్యంతో చెబుతున్నారు? ఎండ తట్టుకునేలా చేసిన రకం అయితే ఆ మాట బిల్లు మీద రాసి ఇమ్మనండి. చాలామంది రాయరు.

పోయినేడు నేనూ పడిపోయాను. ఎరువు ట్యాంకు నుంచి మెయిన్ లైనుకు పది అడుగుల పీపీ పైపు వేశాను. షాపాయన పీవీసీకి పూసే సొల్యూషనే పూయమన్నాడు, పూశాను. చీనీ తోట డ్రిప్పులో ఉప్పు పేరుకుందని యాసిడ్ వదిలిన రోజు జాయింటు ఊడింది. యాసిడ్ మా అబ్బాయి కాలి మీద పడింది. వెంటనే నీళ్లు ధారగా పోశాం కాబట్టి మచ్చతో బయటపడ్డాడు.

తర్వాత తెలిసింది. ఆ సొల్యూషన్ పీవీసీని కరిగించి అతుకుతుంది, పీపీని కరిగించలేదు. పీపీని మిషను మీద సుమారు 260 డిగ్రీల వేడికి కరిగించి అతకాలి. షాపాయనకు ఇది తెలియకపోతే అమ్మకూడదు. తెలిసీ చెప్పకపోతే ఏమనాలి?

ఇంకోటి. పీపీ పైపు మీద వేసే ప్రెషరు అంకె 20 డిగ్రీల వేడికి లెక్కగట్టింది. వేడి పెరిగేకొద్దీ పైపు బలం తగ్గుతుంది. మన అనంతపురం ఎండల్లో 20 డిగ్రీలు ఎక్కడివండీ?

ఫ్యాక్టరీవాళ్లు పైపు కొనేముందు నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు. లోపల పోయేది ఏమిటి? ఎంత వేడి? ఎంత ప్రెషరు? ఎక్కడ వేస్తాం? మనం ఒక్కటే అడుగుతాం, మీటరు ఎంత అని. మనం మిగతావి అడగనంతకాలం వాళ్లు ఇలాగే అమ్ముతారు.

"రైతుకు ఇన్ని లెక్కలు అవసరమా" అనేవాళ్లున్నారు. పంట పోయేది మనది, కాలు కాలేది మన బిడ్డది. మనకు కాక ఎవరికి అవసరం?

నీళ్ల లైను పూడ్చడానికి ఐఎస్ 4985 గుర్తున్న పీవీసీ చాలు. పైన పరచడానికి ఐఎస్ 4984 నల్ల హెచ్‌డీపీఈ చాలు. యాసిడ్ దగ్గర పీపీ కావాలంటే వేడి అతుకు వేసే మనిషిని పిలిపించి వేయించండి, పైన నీడ ఉండాలి. నోటి గ్యారంటీ నమ్మొద్దు, అన్నీ బిల్లు మీద రాయించుకోండి.

మీ ఊరి గ్రూపులో నలుగురికీ పంపండి.