విద్యాగోష్ఠి: కూడి నేర్చుకొను చదువు



తాడేపల్లిగూడెమునుండి ఒక సోదరి నాకు లేఖ వ్రాసినారు. వారి కుమార్తె ఇంజనీరింగు కళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్నది. రాత్రి భోజనములైనది మొదలు పది గంటలవరకు ఆ బాలిక సెల్‌ఫోను చేతబట్టుకొని నలుగురైదుగురితో మాటలాడుచుండునట. తల్లి మందలించినచో, "ఇది కాలక్షేపము కాదమ్మా, మా జట్టుకు ఇచ్చిన పని" అనునట. "పంతులుగారు పాఠము చెప్పక, పుస్తకము తెరువక, పిల్లలలో పిల్లలు వాదించుకొనుట చదువగునా? ఆ జట్టులో మగపిల్లలును ఉన్నారు. ఫోను తీసి బీరువాలో పెట్టుదునా, ఊరకుందునా? ఏమియు తోచకున్నది" అని వారు అడుగుచున్నారు. ఈ సందేహము ఒక్క యింటిది కాదు. కావున ఈ నెల దీనినిగూర్చియే ముచ్చటించుకొందము.

మనలో పెక్కుమంది చదివిన చదువు ఎట్టిదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గురువు చెప్పును, శిష్యులు వ్రాసికొందురు, పరీక్షనాడు వ్రాసికొన్నదానినే మరల అప్పగింతురు. ప్రశ్న అన్నిటికంటె చివర వచ్చును; అదియు జవాబు ముందే తెలిసిన ప్రశ్న. ఇప్పుడు కొన్ని కళాశాలలలో ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నారు. మొదటనే ఒక చిక్కు సమస్యను విద్యార్థుల ముందుంచి, ఐదారుగురిని ఒక జట్టుగా కూర్చి, "దీనికి కారణమేమి? దీనిని తీర్చుటకు మీరేమేమి తెలిసికొనవలెను?" అని అడుగుదురు. ఇదియే సమస్యామూలకమైన విద్య.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. కెనడా దేశమున హామిల్టను నగరములోని మెక్‌మాస్టరు విశ్వవిద్యాలయపు వైద్యకళాశాల 1969లో తన మొదటి విద్యార్థులకు ఈ పద్ధతిలోనే చదువు ప్రారంభించినది. దీనికి రూపము కల్పించిన వారిలో హోవర్డు బారోస్ అను వైద్యుడు ముఖ్యుడు. శాస్త్రములు కంఠస్థము చేసిన విద్యార్థి రోగి మంచము చెంతకు వచ్చునప్పటికి, తనకు తెలిసినదానిలో దేనిని ఎచ్చట వాడవలెనో తెలియక నిలిచిపోవుచుండెను. ఆ లోపమును తీర్చుటకే ఈ యేర్పాటు. 1970 తరువాత హాలెండులోని మాస్ట్రిక్టు నగరమున దీనిని అవలంబించిరి. క్రమముగా ఇంజనీరింగు, వ్యవసాయము, న్యాయశాస్త్రము మొదలైన చదువులకు ఇది ప్రాకినది.

ఆలోచించి చూచినచో ఈ పద్ధతి మన వంటింటికి క్రొత్త గాదు. ఆవకాయ పెట్టునాడు ఒకరు కాయలు కొట్టుదురు. ఒకరు ముక్కలు తుడుతురు. ఒకరు ఆవపిండి, కారము, ఉప్పు పాళ్లు కొలుతురు. పెద్దావిడ పీటమీద కూర్చుండి, తానేమియు ముట్టకయే, "ముక్క తడి ఆరినదా?" అని ఒక్క ప్రశ్న వేయును. క్రొత్తకోడలు ఆ ప్రశ్నతో నేర్చినది జన్మములో మరువదు. ఆ పెద్దావిడ లేనినాడు పని యెట్లుండునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు; మరల దీనితో మనకు పని కలదు.

ఇప్పుడొక సమస్యను ఊహించి చూతము. అందుకు మన కొల్లేరే చాలును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలైన యేరులును, పెక్కు కాలువలును నీరు తెచ్చును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. "వానకాలమున ఒక లంక గ్రామములో ఇండ్లలోనికి నీరు వచ్చినది. ఎందుచేత? ఏమి చేయవలెను?" అని ఒక జట్టును అడిగినామనుకొనుడు. ఉప్పుటేరు పూడినదని ఒకడు చెప్పును. బుడమేటి వరద యెక్కువైనదని ఒకతె యనును. చేపల చెరువుల గట్లు నీటికి అడ్డుపడినవని మరియొకడు వాదించును. ఇక చట్టము మాట యేమి? కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైనది. 2002లో రామ్సారు ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల తడినేలల పట్టికలో చేరినది. 2006లో ప్రభుత్వము చెరువుల గట్లను పెద్దయెత్తున త్రెంపించినది. చెరువులమీద బ్రతుకు వారి గతి యేమని అడుగువారును ఉందురు. ఈ ప్రశ్నలన్నిటికి జవాబు ఏ యొక్క శాస్త్రమునందును లేదు.

అప్పుడా జట్టు చేయవలసిన పని ఇది. సమస్య యేమో స్పష్టముగా ఒక వాక్యమున వ్రాసికొనవలెను. తమకు తెలిసినది యెంత, తెలియనిది యెంత అని రెండు వరుసలు గీయవలెను. తెలియనిదానిని పంచుకొని, ఎవరి భాగమును వారు ఒంటరిగా కూర్చుండి పుస్తకములలో చదువవలెను. మరల కలిసి, ఒకరికొకరు బోధించుకొని, తగవులాడి, తుదకు ఒక నిర్ణయమునకు రావలెను. పుస్తకము తెరువరేమో యను భయము అక్కరలేదు. నడుమనున్న ఆ ఒంటరి చదువు లేనిచో చివరిదినమున మాటలాడుటకు ఏమియు మిగులదు.

ఇందులో యంత్రముల పని యెంత? ఉపగ్రహములు తీసిన కొల్లేటి చిత్రములను ఏటేటివి ప్రక్కప్రక్కన పెట్టి, నీటి విస్తీర్ణమెంత తగ్గినదో, గట్లెంత పెరిగినవో విద్యార్థులు ఇంటనుండియే చూడగలరు. ఏలూరులో ఒకరు, గూడెములో ఒకరు, కైకలూరులో ఒకరు ఉండియు ఒకే పత్రమును ముగ్గురు దిద్దుకొనగలరు. ఇది గొప్ప సౌకర్యమే. కాని ఉప్పుటేటిలో పూడిక యెంతయున్నదో గడ దింపి చూచినవారికే తెలియును. వరద మొదట ఏ వీధిలోనికి వచ్చునో ఆ లంకలో పుట్టిన పిల్లకు తెలియును. ఆ విషయము ఏ తెరమీదను లేదు. ఆమె నోరు విప్పునట్లు చేయగలిగిన జట్టే మంచి జట్టు.

ఇట్టి నేర్పు పరీక్షలకొరకే యనుకొనరాదు. 2020 డిసెంబరు మొదటివారమున ఏలూరులో ఏమి జరిగెనో మనము మరచితిమా? నిలుచున్నవారు నిలుచున్నట్లే మూర్ఛ వచ్చి పడిపోయిరి. కొలది దినములలో అయిదువందలకు పైగా జనులు ఆసుపత్రి పాలైరి. వైద్యులు, నీటిని పరీక్షించువారు, ఆహారశాస్త్రజ్ఞులు, ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మొదలైన సంస్థలవారు కలిసి వెదకవలసివచ్చెను. కొందరి రక్తములో సీసము, నికెలు కనబడినవి. పురుగుమందుల అవశేషములమీద అనుమానము బలపడినది. రక్తము చూచువానికి కూరగాయల సంగతి, కూరగాయలు చూచువానికి నీటి సంగతి తెలియవలసిన దినములవి. ఏ యింటి తల్లియు నాడు "ఇది ఏ పాఠ్యగ్రంథములో ఉన్నది?" అని అడుగలేదు, "అందరును కలిసి త్వరగా కనిపెట్టుడు" అనియే మ్రొక్కుకొన్నది. అట్లు కలిసి కనిపెట్టుట ఎక్కడనో ఒకచోట ముందుగా నేర్చుకొనక తప్పదు గదా.

ఈ పద్ధతివలన నిజముగా మేలు కలుగుచున్నదా యని పరిశోధకులు చాలకాలముగా తూచి చూచుచున్నారు. 2003లో బెల్జియము, హాలెండు దేశముల పండితులు నలుగురు 43 అధ్యయనములను ఒకచోట జేర్చి పరిశీలించిరి. తెలిసినదానిని పనిలో పెట్టు నేర్పు ఈ విద్యార్థులలో స్పష్టముగా ఎక్కువగా నుండెను. విషయముల జాబితాను అప్పగించుటలో మాత్రము వారు కొంచెము వెనుకబడిరి. కాని నేర్చినదానిని ఎక్కువకాలము నిలుపుకొనిరి. 2006లో కిర్ష్‌నరు, స్వెల్లరు, క్లార్కు అను మువ్వురు దీనికి ఎదురుమాట చెప్పిరి. ఏమియు తెలియని విద్యార్థిని దారిచూపువారు లేక సమస్యలో దింపినచో, వాని బుద్ధికి మోయలేని బరువగునేగాని చదువు రాదని వారి వాదము. మరుసటి యేడు ఇతరులు, మంచి సమస్యామూలక విద్యలో గురువు తొలగిపోడని, అడుగడుగున ఊతమిచ్చుచుండునని బదులు చెప్పిరి. చూచితిరా! పీటమీది పెద్దావిడ మరల వచ్చినది. ఆమె ఉన్న జట్టు వేరు, లేని జట్టు వేరు.

ఇక యంత్రము ఎవరి చేతిలో నున్నదను ప్రశ్న. 2008లో మన రాష్ట్రమున పల్లెటూరి పిల్లలకొరకు రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును స్థాపించినప్పుడు, పదవతరగతి ముగించి వచ్చిన ప్రతి విద్యార్థికిని ఒక ల్యాప్‌టాపు ఇచ్చు ఏర్పాటు చేసిరి. దాని ప్రాంగణములలో ఒకటి నూజివీడులో నున్నది. 2022నుండి ఆ యూరు ఏలూరు జిల్లాలోనిది. ప్రతివారి చేతికి ఇచ్చుటలోని న్యాయమును గమనింపుడు. ఇంటికొకటి ఇచ్చినచో అది ఆడపిల్ల వంతుకు వచ్చునా? 2020లో కళాశాలలు మూతపడినప్పుడు ఏలూరులో నేనెరిగిన యొక యింట ఉన్న ఒక్క ఫోనును అన్నగారు వాడుకొనుచుండెను; చెల్లెలు వంటపని ముగించుకొని వచ్చునప్పటికి ఆమె జట్టు మాటలు ముగిసిపోవుచుండెను. 2019-21 నడుమ జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున ఎన్నడైనను ఇంటర్నెట్టు వాడితిమన్న స్త్రీలు నూటికి 21 మంది. పురుషులు దాదాపు 49 మంది. కూడి నేర్చు చదువులో కూటమికి వెలుపల నుండిపోయిన పిల్ల ఏమి నేర్చును?

కావున ఆ సోదరికి నా మనవి ఇది. ఫోను బీరువాలో పెట్టకుడు. జట్టు మాటలకు ఒక వేళ నిర్ణయించి, ఆ వేళ బాలికకు ఇంటిపని చెప్పకుడు. ఆమె నడవలోనో, హాలులోనో కూర్చుండి నలుగురెదుట మాటలాడుకొనునట్లు చూడుడు. మగపిల్లలున్నారను సంకోచము దానితో చాలవరకు తీరును. రేపు ఉద్యోగమునకు పోయినచోటను పురుషులతో కలిసియే పనిచేయవలెను. మర్యాదగా వాదించుట, మర్యాద తప్పినవానిని నిలువరించుట ఇప్పుడే అలవడవలెను. జట్టులో ఆమె వంతు పని యేదియో అడుగుడు. "నీ అక్షరములు ముత్యములు" అని పొగడి, ఇతరులు ఆలోచించినదానికి శుభ్రప్రతి వ్రాయు పనిమాత్రమే ఆమెకు అప్పగించియుండినచో, అది జట్టుపని కాదు, వెట్టిచాకిరి; తన భాగమును తాను అడిగి తీసికొమ్మని ధైర్యము చెప్పుడు. వారముల తరబడి అధ్యాపకులెవ్వరును జట్టును పలుకరింపకున్నచో కళాశాలకు పోయి అడుగుడు. అది తల్లిదండ్రుల హక్కు.

అన్నిటికంటె సులభమైన పరీక్ష యొకటి మీ చేతిలోనే ఉన్నది. ఆమె నేర్చినదానిని మీకు తెలియు మాటలలో చెప్పమనుడు. చెప్పగలిగినచో చదువు వచ్చినట్లే. చెప్పలేకపోయినచో కోపింపక, "ఎక్కడ ఆగితివి?" అని అడుగుడు. మీకు ఇంగ్లీషు రాకపోయినను, యంత్రము ముట్టకపోయినను, పీటమీది పెద్దావిడ పని మీరు చేయగలరు.

అమ్మా! మీ లేఖను రెండుమారులు చదివితిని. రాత్రి పది గంటలని వ్రాసితిరి, మగపిల్లలని వ్రాసితిరి; ఆ జట్టుకు ఇచ్చిన సమస్య యేదో మాత్రము వ్రాయలేదు. ఈ రాత్రి మీ అమ్మాయి ప్రక్కన కూర్చుండి అది యేమో అడిగి తెలిసికొని, నాకు మరల వ్రాయుడు.